గిగ్గులకు మోసుకెళ్ళే బేస్ సెటప్: కాంబోనా, హెడ్–క్యాబా, అసలు ఆంప్ లేకుండానా?

బేస్ గిటార్ శబ్దం పెంచే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉంటే కాంబో; ఆంప్ విడిగా ఉంటే అది హెడ్, దాని స్పీకర్ పెట్టె క్యాబ్. ఏ ఆంప్ కొనాలన్నది తర్వాత సంగతి. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఎదురుగా కూర్చున్న జనానికి మీ బేస్ ఎందులోంచి వినపడుతోంది? మీ పక్కనున్న పెట్టెలోంచా, సౌండ్ వాళ్ళ పీఏలోంచా (హాలంతటికీ వినిపించే పెద్ద స్పీకర్ల సిస్టమ్)? పీఏలోంచి అయితే మీ ఆంప్ పనల్లా మీకూ డ్రమ్మర్‌కూ వినిపించడమే. అందుకు 100–200 వాట్లు సరిపోతాయి, ఒక్కోసారి ఆంపే అక్కర్లేదు. పీఏలో బేస్ వెళ్ళకపోతే మాత్రం హాలంతా నింపే భారం మీ క్యాబ్ మీదే పడుతుంది. అప్పుడు వాట్లూ కావాలి, స్పీకర్లూ కావాలి. మాటిమాటికీ సెటప్ అమ్మి ఇంకోటి కొనేవాళ్ళు చాలావరకు ఈ లెక్క వదిలేసి వాట్లు మాత్రమే చూసి కొన్నవాళ్ళే.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో బేసిస్టులకు దొరికే పని ఎక్కువగా నాలుగు చోట్ల. పబ్బుల్లో, కేఫుల్లో పీఏ ఉంటుంది గానీ సబ్ (కింది స్వరాల కోసమే పెట్టే పెద్ద స్పీకర్) ఉంటుందన్న నమ్మకం లేదు. సంగీత్, రిసెప్షన్ స్టేజీల ముందు సబ్‌లు వరుసగా పేర్చి ఉంటాయి, కానీ స్టేజీ మీద మీకు వినిపించే మానిటర్ స్పీకర్లో గాయకుల గొంతు తప్ప ఇంకేమీ రాదు. చర్చిలో సిస్టమ్ అక్కడే బిగించి ఉంటుంది, స్టేజీ మీద చప్పుడు పెరిగితే ముందు వరుసలో పెద్దల ముఖాలు మారిపోతాయి. కాలేజీ ఫెస్టుల్లో ఏముంటుందో అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది. వీటిలో మీకు నెలకు ఎక్కువసార్లు తగిలేది ఏదో దానికే కొనండి, ఏడాదికోసారి వచ్చే పెద్ద షోకి కాదు. పెద్ద షోకి సౌండ్ వాళ్ళే ఆంప్ తెస్తారు, లేదా అద్దెకు దొరుకుతుంది.

## ముందు చూడాల్సిన లెక్కలు

మోత. గిటార్ వీపు మీదకు పోతే స్కూటర్‌కు ఫుట్‌బోర్డు ఒక్కటే మిగులుతుంది. అక్కడ చిన్న కాంబో పెట్టినా హ్యాండిల్ పూర్తిగా తిరగదు. అద్దె కారు పిలిస్తే డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, కాబట్టి స్పీకర్ క్యాబ్ కారు వెనక సీట్లోకే ఎక్కాలి. అందుకని బరువుతో పాటు కొలతలు కూడా చూడండి. కారు వెనక తలుపు సందులోంచి పట్టని క్యాబ్ ఎంత తేలికైనా దండగే.

శబ్దం. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది ‘ఇ’ 41 హెర్ట్జ్, ఐదు తీగల బేస్‌లో ‘బి’ 31 హెర్ట్జ్. చిన్న క్యాబ్‌లు ఈ మూల స్వరాన్ని పెద్దగా పలికించవు; మనకు వినపడేది ఎక్కువగా దానికి రెట్టింపైన 82 హెర్ట్జ్, ఆ పైవి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కాస్త ఎక్కువ అనిపిస్తుందంతే. అదే 97 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఇచ్చిన వాట్లకు స్పీకర్ ఎంత శబ్దం చేస్తుందన్న అంకె) ఉన్న క్యాబ్ బదులు 100 ఉన్నది తీసుకుంటే, ఆంప్ మార్చకుండానే ఆ 3 డెసిబెల్స్ వచ్చేస్తాయి. కేటలాగులో జనం చదవకుండా వదిలేసే అంకె ఇదే.

స్పీకర్లు తయారుచేసేవాళ్ళు హాఫ్‌మన్ ఐరన్ లా అంటుంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే గట్టి శబ్దం, ఈ మూడూ ఒకచోట కుదరవు. ఏవైనా రెండు దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. ఈ మూడూ మా దగ్గర ఉన్నాయని చెప్పే బ్రోషర్‌ను పక్కన పెట్టేయొచ్చు.

డీఐ అవుట్. అంటే బేస్ సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు పంపే దారి. ఆంప్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుల్ పట్టే మూడు పిన్నుల సాకెట్) డీఐ, ఈక్యూకి (కింది, పై స్వరాలను హెచ్చుతగ్గించే నాబులు) ముందా తర్వాతా అని ఎంచుకునే స్విచ్, హమ్ తగ్గించే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉండాలి. ‘ముందు’లో పెడితే మీరు స్టేజీ మీద ఈక్యూ ఎంత తిప్పినా జనానికి వెళ్ళే సౌండ్ మారదు, మిక్సర్ దగ్గరున్న మనిషి ప్రాణం హాయిగా ఉంటుంది.

కరెంటు. జనరేటర్ మీద నడిచే స్టేజీల్లో వోల్టేజ్ ఊగుతుంది. దీని గురించి కింద విడిగా రాశాను.

| రకం | మోయాల్సిన బరువు | పీఏ లేకుండా | మీకు మీరు వినపడడం | చెడితే |
|---|---|---|---|---|
| తేలిక కాంబో | 10–17 కిలోలు | చిన్న హాలు వరకు | బాగుంటుంది | మొత్తం ఆగుతుంది |
| చిన్న హెడ్, 1×12 క్యాబ్ (12 అంగుళాల స్పీకర్ ఒకటి) | 12–20 కిలోలు, రెండు ముక్కలుగా | రెండో క్యాబ్ కలిపితే మధ్యస్థ హాలు | బాగుంటుంది | చెడిన ముక్కనే మార్చుకోవచ్చు |
| ప్రీఆంప్ డీఐ పెడల్ (బేస్ స్వరాన్ని దిద్ది మిక్సర్‌కు పంపేది), చెవిలో పెట్టుకునే ఇయర్ మానిటర్ | 1–2 కిలోలు | కుదరదు | మిక్సర్ దయ | విడి డీఐతో గట్టెక్కవచ్చు |
| మోడలర్ (రకరకాల ఆంప్‌ల ధ్వనిని అనుకరించే పెట్టె), పవర్డ్ స్పీకర్ (ఆంప్ లోపలే ఉన్నది) | 15–20 కిలోలు | చిన్న హాలు వరకు | బాగుంటుంది | మోడలర్‌ను నేరుగా పీఏకి ఇవ్వవచ్చు |

## కాంబో

ఒకే పెట్టె, ఒకే ప్లగ్గు. కేఫులో నలుగురి బ్యాండుకీ, చర్చికీ, ఇంట్లో ప్రాక్టీసుకీ ఇంతకంటే సులువైంది లేదు. ఫెండర్ రంబుల్ 100 బరువు దాదాపు 10 కిలోలు, 12 అంగుళాల స్పీకర్, వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ ఉంది. కేజన్‌తోనో (మీద కూర్చుని చేత్తో వాయించే పెట్టె), బ్రష్‌లతో వాయించే డ్రమ్మర్‌తోనో బాగా కుదురుతుంది. కర్రలతో గట్టిగా కొట్టే డ్రమ్మర్ పక్కన 100 వాట్లు మీ వరకే వినపడతాయి. జనానికి వినపడాలంటే డీఐ తీసి పీఏకి ఇవ్వాల్సిందే.

రంబుల్ 500 ఇంకో మెట్టు పైన. 16.5 కిలోలు, రెండు 10 అంగుళాల స్పీకర్లు. ఇక్కడ ఒక్క విషయం గమనించాలి: లోపలి స్పీకర్లతో అది ఇచ్చేది 350 వాట్లే, 500 రావాలంటే బయట ఇంకో 8 ఓమ్స్ (ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకు చూపే నిరోధం) క్యాబ్ తగిలించాలి. పేరులోని అంకె చాలా కాంబోల్లో ఇలాగే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ క్యాబ్ జాక్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి. అది లేని కాంబోని పెంచుకునే దారి ఉండదు, అమ్ముకోవడమే.

## చిన్న హెడ్, విడి క్యాబ్

ఆంపెగ్ ఎస్‌వీటీ-సీఎల్ అనే 300 వాట్ల వాల్వ్ హెడ్ 36 కిలోలు. దాని కింద పెట్టే 8×10 క్యాబ్ ఇంకో 63. ఇప్పుడు 500 వాట్ల హెడ్ రెండు మూడు కిలోల్లో వస్తోంది, గిటార్ బ్యాగు జేబులో పట్టేవి కూడా ఉన్నాయి. కారణం రెండు: వేడిగా వృథా అయ్యే కరెంటు బాగా తగ్గించిన క్లాస్ డి సర్క్యూట్, బరువైన ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో వచ్చిన స్విచ్ మోడ్ పవర్ సప్లై. క్యాబ్ వైపు పాత సెరామిక్ అయస్కాంతం పోయి నియోడిమియం వచ్చాక ఒక్కో స్పీకర్ దగ్గర కిలోలకు కిలోలు తగ్గాయి.

| హెడ్ | 8 ఓమ్స్‌లో | 4 ఓమ్స్‌లో | బరువు |
|---|---|---|---|
| గాలియన్ క్రూగర్ ఎంబీ200 | 140 వాట్లు | 200 వాట్లు | సుమారు 0.9 కిలో |
| అగ్విలార్ టోన్ హ్యామర్ 500 | 250 వాట్లు | 500 వాట్లు | సుమారు 1.8 కిలోలు |
| మార్క్‌బేస్ లిటిల్ మార్క్ 3 | 300 వాట్లు | 500 వాట్లు | సుమారు 2.9 కిలోలు |

ట్రేస్ ఇలియట్ ఎల్ఫ్ అయితే ముప్పావు కిలో కూడా లేదు, 4 ఓమ్స్‌లో 200 వాట్లు.

కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఓమ్స్ దగ్గర. హెడ్ వెనక రెండు స్పీకర్ జాక్‌లు ఉంటే అవి సాధారణంగా ప్యారలల్. 8 ఓమ్స్ క్యాబ్‌లు రెండు తగిలిస్తే 4 ఓమ్స్ అవుతుంది, 4 ఓమ్స్ క్యాబ్‌లు రెండు తగిలిస్తే 2 అవుతుంది. చాలా హెడ్‌ల కనిష్ఠ పరిమితి 4. దానికి 2 ఓమ్స్ ఇస్తే మొదట బాగానే వాయిస్తుంది, మూడో పాటలో హెడ్ వేడెక్కి, చెడిపోకుండా తనంతట తానే ఆగిపోయే ప్రొటెక్షన్‌లోకి పోతుంది. అందుకే మొదటి క్యాబ్ 8 ఓమ్స్‌దే కొనండి. షాపులో “4 ఓమ్స్ తీసుకోండి, ఫుల్ పవర్ వస్తుంది” అంటారు, అబద్ధం కాదు. కానీ ఆ ఫుల్ పవర్‌తో వచ్చే తేడా ఎంత? ఎంబీ200లో 140 నుంచి 200కి పెరిగితే ఒకటిన్నర డెసిబెల్. టోన్ హ్యామర్‌లో 250 నుంచి 500కి మూడు. ఈ ఒకటిన్నర, మూడు కోసం రెండో క్యాబ్ కలిపే దారి మూసుకోవడం తెలివైన బేరం కాదు. 8 ఓమ్స్ క్యాబ్ పక్కన అలాంటిదే ఇంకోటి చేరితే పెరిగే వాట్ల వల్ల కొంత, స్పీకర్ వైశాల్యం రెట్టింపైనందుకు ఇంకో మూడు వరకు వస్తుంది. టోన్ హ్యామర్ లాంటి హెడ్‌తో మొత్తం ఆరు డెసిబెల్స్ దాకా. ఆ తేడా స్టేజీ మీద ఎవరికైనా తెలుస్తుంది.

రెండూ ఉన్నప్పుడు పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పెట్టండి. పై స్పీకర్ చెవికి దగ్గరవుతుంది, పక్కలకు ధ్వని సమంగా పారుతుంది. ఒకటే ఉంటే కుర్చీ మీద పెట్టడం మంచిది. ప్లైవుడ్ పరిచిన ఈవెంట్ స్టేజీలు డోలులా మోగుతాయి. క్యాబ్ నేరుగా దాని మీద ఉంటే 60–100 హెర్ట్జ్ మధ్య గుమ్మనే మోత తప్ప స్వరం తెలియదు. ఆంప్ దగ్గర నిలబడితే బేస్ వినపడదని అందరూ అనే మాటకు కారణం కూడా చాలావరకు ఇంతే: క్యాబ్ మోకాళ్ళకు వాయిస్తోంది, చెవులకు కాదు.

చిన్న క్యాబ్‌ను చంపేది బేస్ నాబ్. 40 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ పెంచితే అక్కడ ఆంప్ నాలుగు రెట్లు వాట్లు ఇవ్వాలి. పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న) క్యాబ్‌లో ఆ రంధ్రం ట్యూనింగ్ కంటే కింది స్వరాల దగ్గర కోన్‌ను (స్పీకర్లో ఊగే భాగం) ఆపేదేమీ ఉండదు, అటూ ఇటూ విపరీతంగా ఊగి ‘భట్ భట్’మని కొడుతుంది. వినపడడం లేదనిపిస్తే 100–250 హెర్ట్జ్ కాస్త పెంచండి, 35–40 దగ్గర హై పాస్ ఫిల్టర్ (దానికి కిందివన్నీ కోసేసేది) పెట్టండి. హెడ్‌లో ఫిల్టర్ లేకపోతే దాన్ని చేసే పెడల్‌లు విడిగా దొరుకుతాయి. 1×12 వాడేవాళ్ళకు అదనపు వాట్ల కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఇంకొక్కటి, కేబుల్. గిటార్ కేబుల్‌తో హెడ్‌ను క్యాబ్‌కు కలపకండి, లోపలి సన్నటి తీగ ఆ కరెంటుకు సరిపోదు. స్పీకర్ల కోసమే చేసే స్పీకాన్ కేబుల్ రెండు కొనుక్కుని ఒకటి బ్యాగులోనే ఉంచండి. చాలా క్లాస్ డి హెడ్‌లలో స్పీకర్ అవుట్ రెండు కొనల్లో ఏదీ గ్రౌండ్ కాదు. అక్కడి నుంచి తీగ తీసి మిక్సర్‌కో, పాత పద్ధతి స్పీకర్ డీఐకో ఇస్తే ఔట్‌పుట్ దశ పోవచ్చు.

## ఆంప్ లేకుండా: డీఐ పెడల్, ఇయర్ మానిటర్

రిసెప్షన్ పనులే ఎక్కువైతే ఇదే ముందు కొనాల్సింది. టెక్ 21 సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ డీఐ, డార్క్‌గ్లాస్ బి7కే లాంటి పెడల్‌లలో ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ ఉంటుంది. సాన్స్‌ఆంప్ 9 వోల్టుల బ్యాటరీతోనే కాక మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తోనూ నడుస్తుంది. కేబుల్ పెట్టేముందు ఛానల్ మ్యూట్ చేయమని చెప్పండి, లేకపోతే హాలంతా ‘ఠాప్’మంటుంది.

పాసివ్ (లోపల బ్యాటరీ లేని) బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌కు గుచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పాసివ్ పికప్‌లకు పది లక్షల ఓమ్స్‌కు దగ్గరగా ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ లైన్ ఇన్ పది ఇరవై వేలే. పై స్వరాలన్నీ చచ్చి దుప్పటి కప్పినట్టు వస్తుంది. కనీసం ఒక డీఐ బాక్సయినా మధ్యలో ఉండాలి.

ఈ దారిలో అసలు కష్టం మీకు మీరు వినపడడం. మిక్సర్ నుంచి ఆక్స్ (మీ కోసం విడిగా పంపే మిక్స్) తీసుకుని నడుముకు పెట్టుకునే బెల్ట్‌ప్యాక్ ద్వారా ఇయర్‌ఫోన్లలో వింటే స్టేజీ నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ సంగీత్ మధ్యలో “అన్నా, బేస్ కొంచెం పెంచు” అని సైగ చేస్తే అటు చూసేవాళ్ళుండరు. దీనికి మంచి ఉపాయం ఉంది: రెండు మూడు ఛానళ్ళ చిన్న మిక్సర్ ఒకటి పక్కన పెట్టుకోండి. పెడల్ ఎక్స్‌ఎల్‌ఆర్ సౌండ్ వాళ్ళకు, పెడల్ మామూలు జాక్ అవుట్ మీ మిక్సర్‌లో ఒకటో ఛానల్‌కు, వాళ్ళ ఆక్స్ రెండో ఛానల్‌కు. మీ బేస్ ఎంత వినాలో మీ చేతిలోనే ఉంటుంది.

ఇయర్‌ఫోన్లు లేకుండా ‘సబ్‌లు ఉన్నాయిగా’ అని వాయిస్తే లాన్‌లలో ఇంకో చిక్కు. సబ్‌లు మీకు 15 మీటర్ల దూరంలో ఉంటే వాటి ధ్వని చేరడానికి దాదాపు 44 మిల్లీసెకన్లు పడుతుంది. దాన్ని విని వాయిస్తే మీకు తెలియకుండానే డ్రమ్మర్ వెనక పడతారు, పాట ఈడ్చినట్టు ఉంటుంది.

## మోడలర్, పవర్డ్ స్పీకర్

కీబోర్డు, పాట, బేస్ మూడూ చేసేవాళ్ళకు ఇది నప్పుతుంది. 12 అంగుళాల పవర్డ్ స్పీకర్ ఈరోజు బేస్‌కు, రేపు గొంతుకు పనికొస్తుంది. దాని మీద రాసిన 1000, 2000 వాట్లు పీక్ అంకెలు. బేస్ ఆంప్ వాట్లతో పోల్చకండి. శబ్దం పెంచేకొద్దీ లోపలి లిమిటర్ (స్పీకర్ హద్దు దాటకుండా ఆపేది) కింది స్వరాలనే ముందు నొక్కేస్తుంది. ఐదు తీగల బేస్‌కు నా ఓటు దీనికి పడదు.

మోడలర్ కొనేటప్పుడు వెనక సాకెట్లు చూడండి. లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్‌లో గానీ, జూమ్ బి1 ఫోర్‌లో గానీ ఎక్స్‌ఎల్‌ఆర్ లేదు, కాబట్టి డీఐ బాక్సు వెంట ఉండాల్సిందే. స్టాంప్‌కు 9 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. మామూలు పెడల్ అడాప్టర్ చాలదు, అది మర్చిపోతే ఆ రోజుకి బేస్ లేదు. బి1 ఫోర్ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, పవర్ ప్లగ్గే దొరకని స్టేజీల్లో అది చిన్న సంగతి కాదు. పవర్డ్ స్పీకర్‌కో పీఏకో ఇచ్చేటప్పుడు క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించేది) ఆన్‌లో ఉండాలి, బేస్ ఆంప్‌కు ఇచ్చేటప్పుడు ఆఫ్‌లో.

## ఎవరికి ఏది

చర్చిలో వారం వారం వాయిస్తే డీఐ పెడల్ చాలు. చెవిలో ఇయర్‌ఫోన్ నచ్చకపోతే 10 కిలోల కాంబో తెచ్చి అక్కడే ఉంచండి. పబ్బు, కేఫ్ బ్యాండ్లకు 200 నుంచి 500 వాట్ల హెడ్, 8 ఓమ్స్ 1×12. సబ్ లేని చోట ఈ సెటప్పే హాలుకు బేస్. రిసెప్షన్లు, టూర్లు ఎక్కువైతే పెడల్, చిన్న మిక్సర్, ఇయర్‌ఫోన్లు. అన్నీ కలిపి చేసేవాళ్ళు ముందు పెడల్, ఆరు నెలలకు హెడ్, ఆ తర్వాత క్యాబ్ అన్న వరుసలో కొంటే ఏదీ వృథా పోదు. మూడూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. డబ్బు ఒకేసారి పెట్టగలిగినా ఇదే వరుస మంచిది, ఎందుకంటే ఆర్నెల్లలో మీకే తెలుస్తుంది క్యాబ్ అసలు అవసరమా అని. విమానాల్లో తిరిగేవాళ్ళకు క్యాబ్ ఆలోచనే వద్దు.

## కరెంటు, ఎర్త్, అమెరికా నుంచి వచ్చిన ఆంప్

అమెరికాలో ఉన్న అన్నయ్యో మరదలో వస్తూ హెడ్ తెస్తామంటే ముందు దాని వెనక ప్యానెల్ ఫోటో పెట్టమనండి. 100–240 వోల్టులు అని ఉంటే పవర్ కేబుల్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230లో పెట్టిన క్షణమే పవర్ సప్లై పోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ, తగిన కెపాసిటీది హెడ్ కంటే ఎక్కువ బరువు తూగుతుంది. కొన్నిటికి వోల్టేజ్ స్విచ్ ఉంటుంది. అది ఎటు ఉందో చూసుకోకుండా ప్లగ్గు పెట్టకండి.

స్టేజీ మీద హమ్ వస్తే డీఐ గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచే వైద్యం మాత్రం వద్దు. ఒక చెయ్యి తీగల మీద, పెదాలు మైకు మీద ఉన్నప్పుడు అది ప్రాణం మీదకు తెస్తుంది. మీ ఆంప్, మిక్సర్ ఒకే ఫేజ్ మీద ఉన్నాయా అని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. రెండు ఫేజ్‌ల మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటుంది. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కినా ‘జ్‌జ్’ పోకుండా, మీరు పక్కకు తిరిగితే తగ్గుతుంటే అది ఎర్త్ గొడవ కాదు. ఎల్‌ఈడీ వాల్ నుంచో డిమ్మర్ లైట్ల నుంచో సింగిల్ కాయిల్ పికప్ పట్టుకుంటోంది. జాజ్ బేస్ అయితే రెండు పికప్‌ల వాల్యూమ్ పూర్తిగా పెట్టండి, చాలావరకు పోతుంది.

ఎండాకాలం లాన్ గిగ్గుల్లో హెడ్‌ను దాని సంచిలోనే ఉంచి వాయించకండి, ఫ్యాన్‌కు గాలి ఆడాలి. క్లాస్ డి బోర్డులను వీధి చివర రిపేరు షాపులో బాగుచేయడం కష్టం, చాలాసార్లు బోర్డు మొత్తం మార్చడమే. మీ ఊళ్ళో ఆ బ్రాండ్‌కు సర్వీస్ ఉందో లేదో ధరకంటే ముందు కనుక్కోండి.

## షాపులో ఎలా చూడాలి

మీ బేస్, మీ కేబుల్ పట్టుకెళ్ళండి. ఈక్యూ అంతా మధ్యలో పెట్టి కింది తీగను ఓపెన్‌గా, ఆ తర్వాత ఐదో ఫ్రెట్ దగ్గర, ఒకే బలంతో కొట్టండి. కింద ఒక స్వరం మోగి ఇంకోటి మాయమవుతుంటే మూడడుగులు పక్కకు జరిగి మళ్ళీ కొట్టండి. తేడా మారితే తప్పు గదిది, మారకపోతే క్యాబ్‌ది. వాల్యూమ్ సగం దాటాక కోన్ కొట్టుకునే చప్పుడు వస్తుందేమో వినండి. డీఐ తీసి షాపులోని చిన్న మిక్సర్‌కు పెట్టి హెడ్‌ఫోన్లలో బుస ఎంతుందో వినండి. చివరగా సెటప్ అంతా సర్ది, బేస్ వీపుకు తగిలించుకుని, షాపు మెట్లు ఒకసారి ఎక్కి దిగి చూడండి. బిల్లు ఆ తర్వాత.